ముప్పై సెకన్లు

మొన్న గురుగ్రామ్‌లో మా ఆఫీసు స్టోర్‌రూమ్‌లో మూలపడి ఉన్న ఓ పాత కంప్యూటర్‌ని బయటికి తీసి స్విచ్ వేశాం. పారేసే ముందు అందులో ఏముందో చూడాలి కదా. ఫ్యాను ఒకసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. డిస్కు కిర్రుమంటుంటే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో రెండు వరసలు వచ్చాయి. పైన పాత విండోస్, కింద లినక్స్. ఏది కావాలో ఎంచుకోమని అడుగుతూ, ముప్పై నుంచి వెనక్కి లెక్క మొదలైంది. "ముప్పై ఏంది సార్, ఇంతసేపా? ఎవరు పెట్టిండ్రో మహానుభావులు!" అంది పక్కనున్న శ్వేత. వరంగల్ నుంచి వచ్చి కొత్తగా చేరిన అమ్మాయి. "నేనే పెట్టాను," అన్నాను. పాపం, నాలుక కరుచుకుంది. చిటపటలాడే మనిషినని నాకు ఆఫీసులో పేరుంది, ఇప్పుడు తిట్లు తప్పవనుకుంది కాబోలు. నాకు కోపం రాలేదు. ప్రకాశరావు అంకుల్ గుర్తొచ్చారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, ఆ అంకెలు వెనక్కి నడుస్తుంటే చూడటం నాకు ఇప్పటికీ కష్టమే.

రెండువేల తర్వాతి తొలి సంవత్సరాల్లో నేను గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదివేవాణ్ణి. మొదటి ఏడాదే జ్వరం వచ్చి ఎంతకీ తగ్గకపోతే, హాస్టల్ స్నేహితులు ఢిల్లీలో ఓ పెద్దాసుపత్రిలో పడేశారు. ఈసీజీ గదిలో ఛాతీ మీద చల్లటి జెల్లు తగలగానే "అమ్మో" అన్నాను. మెషిన్ దగ్గరున్న సన్నటి మనిషి తలెత్తి చూశారు. "తెలుగోడివా? ఏ ఊరు నాన్నా?" అని అడిగారు. తెనాలి అని చెప్పబోతే, "ఉష్, మాట్లాడకు, గీత వంకరపోద్ది," అని గదిమారు. ప్రశ్న అడిగిందీ తనే, నోరు మూయించిందీ తనే! ఆయనే ప్రకాశరావు అంకుల్. వాళ్ళది నరసాపురం. ఆయన భార్య సలోమి ఆంటీ అదే ఆసుపత్రిలో నర్సు. నేనక్కడున్న నాలుగు రోజులూ డ్యూటీ దిగాక చారన్నం కలిపి తెచ్చి, "తిను, తినకపోతే సూది పొడుస్తా," అని బెదిరించేవారు. ఆ తరవాత ఆదివారాలు బస్సెక్కి వాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళడం అలవాటైపోయింది. తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది ఆంటీయే. ఇంట్లోనూ ఆ గొంతు ఊరుకునేది కాదు. బాల్కనీలోంచి కూరగాయల భయ్యాతో బేరమాడినా రాగం తీస్తున్నట్టే ఉండేది.

అంకుల్ కంప్యూటర్లు ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. చెడగొట్టుకుని, బాగుచేసుకుని నేర్చుకున్నారు. నా చదువుకి లినక్స్ కావాల్సొచ్చినప్పుడు, విండోస్ పోకుండా దాన్ని పక్కన పెట్టిచ్చింది ఆయనే. కీబోర్డు మీద చెయ్యి వెయ్యబోతే ఠపీమని కొట్టి, జేబులోంచి ఈసీజీ కాగితం ముక్క తీశారు. చుట్ట చివర మిగిలిన పొడుగాటి ముక్క, గళ్ళ గళ్ళది. టేబుల్ మీద పరిచి, "ఇదిగో, ఇది నీ డిస్కు," అన్నారు. దాన్ని మడిచి, విండోస్ ఉన్న భాగానికి ఎర్ర పెన్సిల్, కొత్తదానికి ఇచ్చే భాగానికి నీలం పెన్సిల్ పూశారు. ఒక్కో మడతలో ఏముందో నా చేతనే చెప్పించి రాశారు. "ఇందులో ఏముంది?" "ఏవో సినిమాలు అంకుల్." "ఏవో అంటే కుదరదు. పేర్లు చెప్పు." చెరిపే ముందు అంతా సీడీలోకి ఎక్కించాలి. ఆ సీడీని వేరే మెషిన్‌లో పెట్టి, విప్పి, కళ్ళతో చూడాలి. "ఇదే మెషిన్‌లో చూస్తే చూసినట్టు కాదు," అనేవారు. చాదస్తం అనుకున్నాను నేను. ఇరవై ఏళ్ళవాడికి జాగ్రత్త ఎవరిదైనా చాదస్తంలాగే కనిపిస్తుంది.

నా మూడో ఏడాదిలో ఆంటీకి గొంతు క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక తీసేస్తే తప్ప బతకరన్నారు. ఆపరేషన్‌కి వారం ఉందనగా అంకుల్ ఓ మైకు కొనుక్కొచ్చి కంప్యూటర్‌కి తగిలించారు. రోజూ ఆవిణ్ణి దాని ముందు కూర్చోబెట్టి పాడించి, మాట్లాడించి, అంతా రికార్డు చేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆంటీ ఇంటికొచ్చారు, మాట రాలేదు, అంతే. చేతికి పలకా బలపం వచ్చాయి. సాయంత్రం టీ అయ్యాక అంకుల్ ఒక పాట పెట్టేవారు. ఆంటీ చిక్కుళ్ళు ఒలుస్తూ వినేవారు, పెదాలు మాత్రం కదిలేవి. ఆ గదిలో కూర్చోవడం నాకు చచ్చేంత కష్టంగా ఉండేది. ఏదో వంక పెట్టి బాల్కనీలోకి పోయేవాణ్ణి.

కొన్నాళ్ళకి ఆయన కంప్యూటర్‌ని వైరస్‌లు పట్టుకున్నాయి. చర్చి పాటలు తెలుగులో కొట్టే సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో తప్ప పనిచెయ్యదు కాబట్టి దాన్ని ఉంచి, మిగతా పనులకి పక్కన లినక్స్ పెట్టుకుందామన్నారు. "ఈసారి నేను చేస్తా అంకుల్, మీరు కూర్చోండి," అన్నాను పెద్ద పోటుగాడిలా. "అచ్ఛా, కానియ్," అని కాగితం పరిచారు. డిస్కులో రెండో సగం ఖాళీ చేసి కొత్త సిస్టంకి ఇవ్వాలి. ఆ మడతలో ఏముందో తనే రాశారు: పాటల పుస్తకం, ఫోటోలు, సలోమి. మూడో మాట దగ్గర పెన్సిల్ కాసేపు ఆగింది.

అన్నీ సరిగ్గానే ఎక్కించాను, ఒక్కటి తప్ప. ఆంటీ పేరుతో తెర మీద ఓ బొమ్మ ఉంటే, అదే ఫోల్డర్ అనుకుని దాన్నే సీడీలోకి లాగాను. అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. అసలు ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే చీటీ మాత్రమే. సీడీ తయారయ్యాక అదే మెషిన్‌లో పెట్టి నొక్కాను. డిస్కులో ఉన్న అసలు ఫోల్డరే తెరుచుకుంది, నా చెవులకున్న హెడ్‌ఫోన్స్‌లో ఆంటీ గొంతు వినిపించింది. రెండు మాటలు విని ఆపేశాను. "పై అంతస్తులో నర్సు దీదీ వాళ్ళ కంప్యూటర్‌లో పెట్టి విని రా," అన్నారు అంకుల్. సీడీ పట్టుకుని మెట్లెక్కాను. సగం మెట్లెక్కి ఆగిపోయాను. హాస్టల్ బస్సు వేళవుతోంది, ఆ దీదీ తలుపు తీస్తే హిందీలో ఊసులన్నీ చెప్పాలి. ఇప్పుడే విన్నాను కదా అనుకున్నాను. మెట్ల మీదే రెండు నిమిషాలు నిలబడి, కిందికొచ్చాను.

"విన్నావా?"

"విన్నాను అంకుల్."

నా నోరు పడిపోను, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆయన తలూపారు. డిస్కులో ఆ సగం చెరిపేసి లినక్స్ ఎక్కించాను. గంట పట్టింది. తరవాత అంకుల్ సీడీ పెట్టారు. పుస్తకం వచ్చింది, ఫోటోలు వచ్చాయి. మూడోది నొక్కితే తెరుచుకోలేదు. విండోస్‌లోకి వెళ్ళి నొక్కారు. ఆ ఫోల్డర్ లేదని చెప్పింది. ఆయన ముఖంలో నెత్తురు లేదు. "పైన పలికింది కదా నాన్నా?" అన్నారు నెమ్మదిగా. "పలికింది అంకుల్. సీడీకే ఏదో అయినట్టుంది," అన్నాను. ఆయన నా వైపు చాలాసేపు చూశారు. ఆంటీ వంటింట్లోంచి వచ్చి, ఇద్దరినీ చూసి, విషయం గ్రహించి, పలక మీద రాశారు: "అప్పటికే జబ్బు గొంతు. పోతే పోనివ్వండి." అంకుల్ ఆ పలక వైపు చూడలేకపోయారు. కాసేపటికి నన్ను అడిగారు: "ఏది కావాలని అడిగే మెనూ ఎన్ని సెకన్లు ఆగుద్ది?" పది అన్నాను. "ముప్పై పెట్టు. మనిషికి ఆలోచించుకునే టైం ఉండాలి." పది చెరిపి ముప్పై కొట్టాను.

రెండు వారాలు కాలేజీ ఎగ్గొట్టి ఆ డిస్కుని గాలించాను. తునకలు దొరికాయి, ఒక్కటీ పలకలేదు. ఇక ఆ ఇంటి గడప తొక్కనివ్వరనుకున్నాను. ఆయనే ఫోన్ చేశారు, చర్చి కంప్యూటర్‌కి ఇలాగే రెండు సిస్టంలు పెట్టాలి రమ్మని. ఆ తరవాత ఇంకొకరిది, మరొకరిది. నాకు ఉద్యోగం వచ్చాక కూడా పిలిచేవారు. ప్రతిసారీ కాగితం పరిచేవారు, ప్రతిసారీ అదే గొంతుతో "వేరే మెషిన్‌లో విప్పి చూశావా?" అని అడిగి నా ముఖంలోకి చూసేవారు. చూశానని చెప్పేవాణ్ణి, ఇప్పుడు నిజంగానే చూసేవాణ్ణి. సీడీదే తప్పని ఆయన నమ్మేశారని, అందుకే నన్ను పిలుస్తున్నారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఊరందరి గుండెలూ గీసిన మనిషి గుండె ఓ ఉదయం స్కూటర్ తీస్తుండగా ఆగిపోయింది. సమాధి దగ్గరి ప్రార్థన అయిపోయి, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, ఆంటీ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. పైకి వెళ్ళలేదని, వినలేదని, అబద్ధమాడానని. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆవిడ పలక అందుకున్నారు. "తెలుసు. ఆ రోజే చెప్పారు. సీడీలో ఉన్నది ఉత్త చీటీ, ఇంకో మెషిన్‌లో పలకదట కదా."

"మరి నన్నెందుకు పిలిచేవారు ఆంటీ, అన్నిసార్లు?"

చాలాసేపు రాశారు. చిన్న పలక, పట్టక రెండుసార్లు చెరిపి రాశారు. "నువ్వే చెబుతావని. నువ్వెళ్ళాక ప్రతిసారీ అనేవారు, ఇవాళ కూడా చెప్పలేదే అని." అది చదివాక నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఆవిడ చెయ్యి నా తల మీద ఉంది, దాన్ని భరించడం తిట్లకంటే కష్టమైంది.

ఇప్పుడు నా చేతి కిందికొచ్చే ప్రతి మెషిన్‌లోనూ ముప్పై పెడతాను. కింద పనిచేసేవాళ్ళు "చూశాం సార్" అంటే వెంటనే నమ్మను, ఆ ఒక్క మాటకి మాత్రం కోప్పడను, కాస్త ఆగుతాను. మొన్న శ్వేత "ఏది నొక్కమంటరు సార్?" అని అడిగేటప్పటికి లెక్క ఐదుకొచ్చింది. ఈ లోకంలో సలోమి ఆంటీ గొంతు ఆఖరుసారి విన్నది నేనే. నాకది ఇంకా చెవుల్లో ఉంది. "ఏవండీ, మొదలైందా? ఇప్పుడు మాట్లాడనా?" అన్నారు ఆవిడ. బస్సు వేళవుతోందని నేను ఆపేశాను.