సేటు ఎక్కిన పులి

ఇవాళ గేటుకు పసుపు రంగు వేస్తుంటే ఆ వాసనకు మా నాయన, బాపు గుర్తొచ్చాడు. భివండిలో మన మార్కండేయ జయంతి ఊరేగింపు, సేట్ల పేర్లు కట్టిన లారీలు యాదికున్నాయా?

మన నేతవాళ్ళ మూలపురుషుడు, పులినెక్కిన భావనారుషి వేషం మా సేటుది. ఆయన సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపే బాపే ఆ పులి. ఒళ్ళంతా రంగు పూసుకుని, లారీ మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి, నిజాంపురా దాకా సేటును మోశాడు. దూది దుమ్ము నిండిన ఛాతీతో బాపు దగ్గితే, పులి గాండ్రిస్తోందని జనం చప్పట్లు కొట్టారు. మీరూ కొట్టే ఉంటారు.

"ఇంకింత జోర్‌సే అరువురా, పబ్లిక్ చూస్తున్నది!" అని సేటు మడమతో పొడిచాడు.

మరుసటేడు జయంతికి ముందే బాపు పోయాడు. పరామర్శకు వచ్చిన సేటు మా అన్న వీపు తడిమి చూశాడు.

"ఏడ్వకు చెల్లే," అన్నాడు అమ్మతో. "వీని వీపు గూడ గట్టిగనే ఉన్నది."