చెప్పమని రాయని జవాబు

డెబ్బైల మొదట్లో నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్నప్పుడు మా లెక్కల సారు శనివారం మధ్యాహ్నాలు కంప్యూటర్ క్లాసు మొదలుపెట్టారు. కాలేజీలోనే కాదు, ఊళ్లోనే కంప్యూటర్ లేదు. ఆయన హైదరాబాదులో వేసవి శిక్షణకు వెళ్లి ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని వచ్చారు. ఆ సంబరం ఇంకా తగ్గలేదు. ఫీజు లేదు, పరీక్ష లేదు, ఇష్టమున్నవాళ్లు కూర్చోవచ్చు. కొన్నాళ్లకు అమ్మాయిల్లో నేనొక్కదాన్నే మిగిలాను.

హోంవర్క్ మాత్రం తప్పదు. గళ్ల కాగితం మీద గడికొక అక్షరం చొప్పున ప్రోగ్రాం రాసిస్తే, సారు ఇంటికని హైదరాబాదు వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోయేవారు. అక్కడ ఆయన స్నేహితుడు వాటిని అట్టకార్డుల మీద రంధ్రాలుగా కొట్టించి, మెషీన్‌కు తీరిక దొరికినప్పుడు నడిపించేవాడు. ఫలితం కోసం మళ్లీ శనివారం దాకా ఆగాలి.

ఒకసారి, కొన్ని సంఖ్యలిచ్చి వాటిలో అన్నిటికంటే పెద్దది కనిపెట్టే ప్రోగ్రాం రాయమన్నారు. నాది తప్పేమీ చూపకుండా చివరిదాకా నడిచింది గాని, తిరిగొచ్చిన కాగితం మీద జవాబు లేదు. సరిచూసుకుని మళ్లీ పంపాను. మళ్లీ అదే ఖాళీ. సారును అడిగితే, "నీకే దొరుకుతది, సూడు" అన్నారు.

అది చెరుకు సీజను. ఎడపల్లి దగ్గర్నుంచే బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. శనివారం నా బస్సు చీకటి పడ్డాక గాని మా ఊరు బోధన్ చేరేది కాదు. ఫ్యాక్టరీలో చెరుకు దించే చోట పనిచేసే మా బాపు, చీకట్లో ఇల్లు చేరే కూతుర్ని చూస్తూ కొన్ని వారాలు ఓర్చుకున్నాడు. చివరికి ఒక శనివారం సెలవు పెట్టి నాతోపాటు బయలుదేరాడు. నన్ను క్లాసు మాన్పించడానికే వస్తున్నాడని నాకు తెలుసు.

"మెషీనే లేదంట గద సారూ. ఇగ గీ సదువెట్ల నడుస్తది? పిల్ల ఇంటికొచ్చేసరికి పొద్దుగూకుతున్నది" అన్నాడు బాపు, గుమ్మం దగ్గరే నిలబడి.

సారు వాదించలేదు. "లోపటికి రా అన్నా. ఇయ్యాల మనమే మెషీను. నీ బిడ్డ రాసిందే నడిపిద్దాం."

మాకు తలా ఒక సంఖ్య రాసిన చీటీ ఇచ్చారు. మొదటి చీటీ బాపు చేతిలో పెట్టి ఆయన్ను బోర్డు ముందు నిలబెట్టారు.

"ఒక్కొక్కలు వస్తరు. నీ చేతిలున్న దానికంటె పెద్దదొస్తే తీస్కో, పాతది ఇడిసిపెట్టు. చిన్నదైతే ఎనకకు పంపు. ఆమె రాసింది నేను సదువుత. రాసినంతనే చెయ్యాలె."

బాపు భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. సారు ఒక్కో వాక్యం చదువుతుంటే, వచ్చిన ప్రతి చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, ఉంచుకోవడమో పంపడమో చేశాడు. చివరి చీటీ కూడా అయిపోయింది. అందరం ఆయన వంకే చూస్తున్నాం. ఆయన కదల్లేదు.

"ఏమైందన్నా? జవాబు నీ దగ్గర్నే ఉన్నది గద?"

"ఉన్నది సారూ. చెప్పుమని ఎవ్వలు చెప్పలే గద!"

క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం నా తప్పు దొరికింది. పెద్ద సంఖ్యను పట్టుకోమని రాశాను గాని, దాన్ని అచ్చు వేయమని రాయనే లేదు. అక్కడికక్కడే ఆ వాక్యం రాసి సారుకు ఇచ్చాను. ఆయన చదవగానే బాపు గొంతు సవరించుకుని, సంఖ్యను బయటి వరండా దాకా వినిపించేట్టు చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు చెరుకు బండ్ల వెనక ఆగినప్పుడు బాపు నా వైపు తిరిగాడు. "వచ్చే వారానికి ఏం లెక్క ఇచ్చిండు?" అన్నాడు. క్లాసు మానెయ్యమనే మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ సీజనంతా శనివారం డ్యూటీ మార్చుకుని బస్టాండులో సైకిలుతో నాకోసం నిలబడేవాడు. ఇంటికి పోతూ, వెనక కూర్చున్న నాతో ఆ రోజు పాఠమంతా చెప్పించుకునేవాడు.

డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక ఆఫీసు కంప్యూటర్ విభాగంలో నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో అడిగినవన్నీ సారు హోంవర్కుల్లో నేను తప్పులు చేసి దిద్దుకున్నవే. ఆ కబురు చెప్పడానికి బాపూ నేనూ నిజామాబాద్ వెళ్లాం. నేను సారు కాళ్లకు మొక్కాను. బాపు ఆయన రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.