పాకాల మేష్టారి డిస్కు

"ఆ డిస్కు పని అది చేసుకుంటా ఉండాది. ఎవుర్నీ ముట్టుకోనీయొద్దు మే."

"సరే లేబ్బా. నువ్వు ముందు ఆ టీ తాగు, సల్లారిపోతాది."

నాలుగేళ్ళ కిందట, మామిడికాయల కాలంలో, చిత్తూరు కోర్టు వెనక సందులో నేనూ మా ఆయనా చివరిగా మాట్లాడుకున్నది ఇదే. మా ఇంటి ముందు గదే మా కంప్యూటర్ రిపేరు అంగడి. సగం టీ తాగి, కేబుల్ కొనడానికి వీధిలోకి పోయిన మనిషి మలుపులో గుండె పట్టుకుని కూలిపోయాడు.

నాకు సంతకం వచ్చు. చదవడమంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. ఇది కూడా నేను చెబుతుంటే మా తోడికోడలు సుజాత రాస్తోంది. అయినా ఇరవై ఏళ్ళు ఆయన పక్కన కూర్చుని స్క్రూలు విప్పినదాన్ని. డిస్కు మోత వింటే దాని జబ్బేమిటో చెప్పగలను.

ఆ డిస్కు పాకాల మేష్టారిది. ఆయన భార్య పాడిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. గొంతులో గడ్డకు ఆపరేషన్ అయ్యాక ఆమెకు మాట పోయింది. డిస్కు మొరాయిస్తే ఈ పెద్దమనిషి చేసిన పని వినండి. పొద్దున్నే స్నానం చేసి, డిస్కుకు గంధం బొట్టు పెట్టి, తెర మీద ‘రిపేర్’ అన్నది నొక్కాడట. పదకొండు రోజులు. పారాయణం లాగా!

హార్డ్ డిస్కు లోపల అద్దంలాంటి పళ్ళేలు తిరుగుతుంటాయి. వాటి మీద లెక్కలేనన్ని చిన్న గదులు, వాటినే సెక్టార్లంటారు. కొత్త డిస్కులోనూ చెడ్డ గదులుంటాయి. ఫ్యాక్టరీలోనే వాటి జాబితా కట్టి, డిస్కు వాటిని దాటిపోయేలా చేస్తారు. తర్వాత చెడేవాటి కోసం కొన్ని గదులు ఖాళీగా ఉంచుతారు. ఒక గది చదవడానికి రాకపోతే డిస్కు వెంటనే చేతులెత్తేయదు. చదివే ముల్లును కొంచెం అటూ ఇటూ జరిపి మళ్ళీ మళ్ళీ చూస్తుంది. గదిగదికీ సరిచూసుకునే అంకెలు కొన్ని అదనంగా ఉంటాయి, చిన్న తప్పులను వాటితో దిద్దుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే ‘పెండింగ్’ అని గుర్తు పెట్టుకుంటుంది. అక్కడ కొత్తది రాశామా, పాతది పోయినట్టే. అలాంటిదాన్ని రోజూ గెలికితే బాగున్న గదులు కూడా పోతాయి.

అందుకే మా ఆయన ఇమేజ్ పెట్టాడు. అంటే బాగున్న గదులన్నిటినీ ముందు వేరే డిస్కుకు ఎక్కించుకుని, మొండివాటి దగ్గరకు చివర్లో మెల్లగా రావడం. దానికి రోజులు పడతాయి. మధ్యలో ఆపితే డిస్కు మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం లేదు.

శవాన్ని ఇంటికి తెచ్చారో లేదో, మా మరిది మెయిన్ స్విచ్చి దగ్గరకు పోయాడు.

"ఇంట్లో అన్న పోయి పడుకోనుంటే ఆ మిషను మోతేంది వదినా? జనం ఏమనుకుంటారు?"

"మీ అన్నే ముట్టుకోనీయొద్దన్నాడు. దాని మీద సెయ్యి పెడితే సెయ్యి ఇరుస్తా!"

ఏడవడానికి కూడా తీరిక లేదు నాకు. ఎవడు ఏ ప్లగ్గు పీకుతాడోనని కాపలా కాయడమే సరిపోయింది.

మూడో రోజు మేష్టారు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పలకరింపు అయిందో లేదో మొదలుపెట్టాడు.

"ఇంకా కాలేదామ్మా? ఇంట్లో నేను గంటలో ముగిస్తా ఉంటినే!"

"నువ్వు ముగించినందుకే సార్ ఇన్ని దినాలు! ఇంకోసారి రిపేరు అన్నావంటే డిస్కుతో పాటు నిన్నూ విప్పేస్తా."

మెడకు తువ్వాలు చుట్టుకున్న ఆ తల్లి నవ్వింది. చప్పుడు మాత్రం రాలేదు.

అయిదో రోజు సాయంత్రానికి పని ముగిసింది. ఒక్కటి తప్ప పాటలన్నీ వచ్చాయి. ఆ ఒక్కదానిలో కొన్ని గదులు ఎంతకీ లొంగలేదు. దంపతులను పిలిపించి వినిపిస్తే, చరణం మధ్యలో గొంతు తెగిపోయింది.

"పోయె! అంతా పోయె!" అని మేష్టారు తల కొట్టుకున్నాడు.

ఆమె ఆ చేతిని పట్టి ఆపింది. ఇంకో చేత్తో బల్ల మీద తాళం వేస్తూ కూర్చుంది. ఎనిమిది దెబ్బలు. తొమ్మిదో దెబ్బకు డిస్కులోని ఆమె గొంతు సరిగ్గా అందుకుంది.

అప్పటినుంచి ఏ డిస్కు వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే, ఎన్నిసార్లు నొక్కావని. డిస్కు రానిదాన్ని రాలేదనే చెబుతుంది, కల్పించి పూడ్చదు. మనమే ఊరుకోలేక, ఉన్నదాన్ని కూడా చెడగొట్టుకుంటాం.

రాసుకున్నావా సుజాతా? స్విచ్చి కాడ నీ మొగుడు అన్న మాట తీసేసినావేమో, తీయొద్దు, ఉండనీ. ఇప్పుడు మొదట్నుంచీ చదివి ఇనిపించు. మా ఆయన మాట ఉండాది సూడు, ఆడ మాత్రం తొందరపడొద్దు.