జమ్మలమడుగు బస్సులో జావా

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఒకసారి ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు బస్సులో పోతున్నాను. నా ముందు సీట్లో ఒక మాజీ సిపాయి, కడుపులో గడ్డతో బాధపడుతున్న భార్యను ఆసుపత్రికి తీసుకుపోతున్నాడు. ఆమె తల ఆయన భుజం మీద ఉంది. యుద్ధకాలంలో తాను చూసిన జావా దీవికి ఆమెను తీసుకుపోయి ఏమేమి చూపిస్తాడో చెబుతున్నాడు.

"ఓడ దిగినాంక ముందు నిప్పులు కక్కే కొండ చూస్తాం మే. తెల్లారకముందే ఎక్కల్ల."

"మన ఎండ చాలకనా మామా, నిప్పుల కొండకాడికి పోయేది?" అని ఆమె నవ్వింది.

"మాపటికి ఉడుకునీళ్ల బుగ్గలో తానం చేస్తువులే."

నాకు అన్నీ తెలుసన్న అహం ఊరుకోనివ్వలేదు. "పాస్‌పోర్టు ఎవరిస్తారు? ఈ స్థితిలో ఆమె కొండ ఎలా ఎక్కుతుంది?" అన్నాను.

ఆయన మాట ఆగిపోయింది. ఆమె మెల్లగా నా వైపు తిరిగింది.

"మాకు తెలీదా అప్పా? ఇంగ కోసేది లేదని డాక్టరమ్మ పోయిన తూరే చెప్పేసింది. నొప్పికి సూది ఏయించుకునేకి పోతాండాం. ఈ మనిషి చెప్తాంటే కుదుపులు మర్చిపోతాండా, అంతే."

నాకు తల కొట్టేసినట్లయింది. "కొండ దిగినాక ఎక్కడికి పోతారు?" అని ఆయన్ని అడిగాను. చెప్పబోయాడు. అంతలోనే మానేసి కిటికీ వైపు తిరిగిపోయాడు.

జమ్మలమడుగు ఇంకా చాలా దూరం ఉంది. బస్సు గుంతలో పడినప్పుడల్లా ఆమె మూలిగింది. ఆ మూలుగు దారంతా విన్నాను.