గోల్ఫూ, నేల క్లాసూ, మా మరదలూ

సినిమా హాళ్ళలో ఈమధ్య కేరమెల్ పాప్‌కార్న్ అని ఒకటి అమ్ముతున్నారు. ఆ డబ్బా మూత తీయగానే గుప్పుమనే వాసన పక్కసీటు వాళ్ళకు ఏ దేశం నుంచి దిగిందో తెలియదు గానీ, నాకు మాత్రం అది కశింకోట పక్కన మా తాతగారి బెల్లం గానుగ దగ్గర, పొయ్యి ఎగదోసే మనిషి కునుకు తీసినప్పుడు పెనంలో మాడిపోయిన పాకం వాసన. ఆ రోజుల్లో పాకం మాడితే ఆ మనిషిని చుట్టుపక్కల ఊళ్ళన్నీ వంతులు వేసుకుని తిట్టేవి. ఇప్పుడు మాడ్చినందుకు మనమే లైన్లో నిలబడి డబ్బులిస్తున్నాం. మొన్న అనకాపల్లిలో మ్యాట్నీకి వెళ్ళి, ఆ వాసన పీలుస్తూ సీట్లో వెనక్కి వాలానో లేదో, నా కుడిపక్క సూర్యుడు ఉదయించాడు. సూర్యుడంటే మా మరదలు నూకరత్నం సెల్‌ఫోను.

రత్నం మా మేనత్త కూతురు. నాకన్నా కొన్ని నెలలు చిన్న, తక్కిన అన్ని విషయాల్లోనూ పెద్ద. విశాఖపట్నంలో ఉంటుంది. ఆవిడ కూతురు హారిక గోల్ఫ్ ఆడుతుంది, అదీ పేపర్లో పేరు పడేంతగా. ఆ రోజు బెంగుళూరులో ఆడవాళ్ళ గోల్ఫ్ పోటీకి రెండో రోజు. మొదటి రెండు రోజులూ అందరూ ఆడతారట, రెండో సాయంత్రం ఒక గీత గీస్తారట, దాన్ని కట్ అంటారట. గీత లోపల ఉన్నవాళ్ళు మిగతా ఆట ఆడతారు, బయట ఉన్నవాళ్ళు కర్రల సంచీ భుజాన వేసుకుని ఇంటికి పోతారు. హారిక తన ఆట ముగించి సరిగ్గా ఆ గీత మీద కూర్చుంది. వెనక వచ్చేవాళ్ళు ఇంకా ఆడుతున్నారు. వాళ్ళు బాగా ఆడితే మా పిల్ల బయటికి. మా ఇంటికి వచ్చిన రత్నం పొద్దుటి నుంచి పచ్చి గంగైనా ముట్టకుండా గోళ్ళు కొరుక్కుంటోందని, కాసేపు మరిపిద్దామని మా ఆవిడే సినిమాకు లాక్కొచ్చింది. మరపు మాట దేవుడెరుగు, తెర మీద హీరో ఎంత వెలిగినా అంతకు నాలుగింతలు రత్నం ఫోను వెలుగుతోంది.

"ఏటే అది, ఆపు. అందరూ మననే సూత్తన్నారు" అన్నాను.

"ఉండు బావా. ఇంకా కొందరున్నారు. అమ్మోరి దయుంటే ఆళ్ళ బంతులన్నీ గొయ్యి తప్పీసి పోతాయి."

ఇలాంటి మొక్కు అమ్మవారు ఇంతకు ముందెప్పుడూ విని ఉండదు. నాకు కోపం రావలసిన చోట అసూయ వచ్చింది. రావడమంటే కొత్తగా రాలేదు. అది నాలో చిన్నప్పటి నుంచీ బెల్లం దిమ్మలా గట్టిపడి, ఉట్టి మీద భద్రంగా ఉంది.

మా చిన్నతనంలో సినిమా అంటే చెరుకు నరకడం అయిపోయి, గానుగ చల్లారి, దిమ్మలు మార్కెట్టుకు చేరాక ఇంటిల్లిపాదీ బండెక్కి వెళ్ళే యాత్ర. హాల్లో నేల క్లాసును నడుమెత్తు గోడ ఒకటి రెండుగా చీల్చేది, ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళూ చంటిపిల్లలూ. మగపిల్లవాడు ఎన్నేళ్ళదాకా తల్లి పక్కన కూర్చోవచ్చో తేల్చవలసినవాడు గేటు దగ్గరి సింహాచలం. ద్వారబంధం మీద సుద్దతో గీత గీసి, పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి కొలిచేవాడు. తల గీత కిందుంటే ఆడవాళ్ళ వైపు, గీత దాటితే మగవాళ్ళ వైపు. ఒకసారి అటు పోయినవాడికి ఇటు మళ్ళీ ప్రవేశం లేదు. ఆడవాళ్ళ వైపు సాక్షాత్తూ స్వర్గం. నీళ్ళు చల్లిన చల్లటి ఇసుక, జడల్లో కనకాంబరాలూ మరువం, కొంగుముడుల్లో వేయించిన వేరుశనగలు, చేగోడీలు, పండగ మిగులు అరిసెలు. తెర మీద ఎవరు ఏడ్చినా ఇటు ఒక చేగోడీ మన చేతిలో పడేది.

ఒకసారి ఉగాది ముందురోజు, కొత్తమావాస్య పండక్కి మా అమ్మ నా తలకు గిద్దెడు నూనె పట్టించి, జుట్టంతా పైకి దువ్వి కోడిపుంజు తురాయిలా నిలబెట్టింది. ఆ తురాయి గీత దాటేసింది.

"మగోడైపోనాడమ్మా, అటెల్లమను" అన్నాడు సింహాచలం.

"అది జుత్తు బాబూ, తలకాయ కాదు!" అంది అమ్మ.

"జుత్తు తలకాయది కాదేటి? కొబ్బరికాయని పీసుతోటే కొలుత్తారు గానీ, వలిసి కొలుత్తారేటమ్మా?"

నాకన్నా బెత్తెడు పొడుగున్న రత్నం, ఆడపిల్ల గనక ఏ గీతా అడ్డం లేకుండా, చేతిలో అరిసెతో నా ముందు నుంచే లోపలికి నడిచింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నీకేటీ కనబడకపోతే నాను తరవాత సెప్తాన్లే బావా" అంది.

కనబడలేదు. ఎందుకంటే నా ముందు కూర్చున్న పెద్దమనిషి తలపాగాలో ఉప్మాక గుడి ధ్వజస్తంభాన్ని దాచవచ్చు. ఇసుక పోగు చేసుకుని ఎత్తు మీద కూర్చుంటే, వెనకవాడు కాలితో తన్ని నేలమట్టం చేసేవాడు. ఎడమపక్కాయన చుట్టపొగతో తెర మీద ఎండాకాలపు పాటలో కూడా మంచు కురిసేది. కుడిపక్కాయన ఆ సినిమాను అప్పటికే చాలాసార్లు చూసి, "ఇప్పుడీడు సచ్చిపోతాడు సూడు" అని ముందే చెప్పి, చచ్చాక "సెప్పేనా!" అని నా తొడ మీద చరిచేవాడు. ఆ దెబ్బల గుర్తు ఉండి ఉంటే ఈపాటికి పురావస్తు శాఖవారు నన్ను తవ్వి ఉండేవారు. గోడ అవతల నుంచి రత్నం నవ్వు మాత్రం స్పష్టంగా వినిపించేది.

హాలు బయటైనా గెలిచానా అంటే అదీ లేదు. చెరుకు కొట్టేసిన చేలో కర్రాబిళ్ళ ఆడితే, నా బిళ్ళ కొత్తకోడలిలా నా కాళ్ళ దగ్గరే తచ్చాడేది. రత్నం పరికిణీ దోపి, ఒక కన్ను మూసి కొట్టిన బిళ్ళ కొంగల్ని దాటి, కల్లాన్ని దాటి, రోలుగుంట కొండల వైపు పోయి, మనసు మార్చుకుని తిరిగొచ్చి పడేది. ఒకసారి సరాసరి వెళ్ళి గానుగ దగ్గర మరుగుతున్న పెనంలో పడింది. తాత పరుగున వచ్చాడు. రత్నానికి వీపు చిట్లుతుందని నేను అరుగెక్కి సర్దుక్కూర్చున్నాను. ఆయన పెనం నుంచి చేనుదాకా దూరం చూసి, "ఓలమ్మో, ఇంత దూరం కొట్టేవేటే!" అని మురిసిపోయి, విస్తరాకులో వేడి పాకం పోసి దానికిచ్చాడు. ఆ పాకం నురగ వాసన మాత్రం నాకిచ్చాడు.

పెద్దవాళ్ళు ఆనవాయితీగా "మీ ఇద్దరికీ ముడెట్టేత్తాం" అంటే, రత్నం అందరి ముందూ "ఈడికి బిళ్ళే లెగదు, ఈడ్ని నాను సేసుకోను" అంది. చేసుకోలేదు కూడా. విశాఖపట్నంలో గోల్ఫ్ మైదానం పక్కన కాపురమున్నవాణ్ణి చేసుకుంది. మొదటిసారి ఆ ఆట చూసి వచ్చి, "కర్రాబిళ్ళే బావా. బిళ్ళని గుండ్రంగా సెక్కేరు, అంతే" అని తేల్చేసింది. కూతురికి కర్ర పట్టుకోవడం తనే నేర్పింది. మావాడు సోఫాలో పడుకుని ఫోన్లో క్రికెట్ ఆడి బొటనవేలు బెణికించుకున్నాడు.

మ్యాట్నీ చివరికొచ్చింది. బెంగుళూరులో ఒకే ఒక్క అమ్మాయి ఆట మిగిలింది. ఆమె ఆఖరి బంతి గుంతలో పడితే హారిక బయటికి, తప్పితే లోపలికి. పడితే బాగుండునని నాలోని అసూయ దిమ్మ ఒక మూల నుంచి గట్టిగానే అంది. కానీ రత్నం ఫోను నా వైపు తిప్పి, రెండు కళ్ళూ మూసుకుంది. ఎంత దూరం బిళ్ళ కొట్టినా ఒక కన్నే మూసే మనిషి.

"ఏటమ్మా, సినిమాకొచ్చేరా, టార్చిలైటు అమ్మడానికొచ్చేరా?" అన్నాడు వెనకసీటాయన.

"కాసేపు నోర్ముయ్యవయ్యా, పిల్ల బతుకు అక్కడ గీత మీదుంది!" అన్నాను. అన్నది నేనే. అని, ఫోను మీదికి వంగాను.

బంతి తప్పింది. హారిక మెసేజు పెట్టింది: "అమ్మా, ఉన్నాను." రత్నం లేచి నిలబడి రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేసిన ఈలకు, తెర మీద హీరో ఒక్కక్షణం తన కోసమే అనుకుని ఉంటాడు.

లైట్లు వెలిగాయి. నడుమెత్తు గోడ లేదు, సుద్దగీత లేదు, ఇసుక లేదు, సింహాచలం ఎప్పుడో పోయాడు. మేము బిళ్ళ కొట్టిన చేను ప్లాట్లైపోయి రంగేసిన హద్దురాళ్ళు పాతుకుని కూర్చుంది. వెనకసీటాయన మమ్మల్ని ద్వారం దగ్గర అందుకుని, సంగతి విని, మెత్తబడ్డాడు.

"ఆ పిల్ల తమకేటవుద్దండి?" అని నన్నడిగాడు.

"కూతురు" అన్నాను, ఛాతీ పొంగించి. "మరదలి కూతురు కూతురే కదేటి, వరసకి?"

"వరసకి కూతురే" అంది రత్నం. "కర్రట్టుకుంటే మాత్తరం నా కూతురు."

ఆయన రత్నానికి రెండు చేతులా దణ్ణం పెట్టాడు. "అమ్మా, తమతో ఓ పోటో దిగుతానండి" అని, ఆవిడ పక్కన నిలబడి, జుట్టు సర్దుకుని, తన ఫోను నా చేతిలో పెట్టాడు.

తీశాను. వరసకు తండ్రిని కదా, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?