పెట్రోల్ వ్యానుకు డీజిల్ ఇంజిన్

మాది పామర్రు. చేనేత చీరలను విజయవాడ కొట్లకు చేరవేయడం నా పని. మా పాత పెట్రోల్ వ్యాను మూటల బరువుతో ఫ్లైఓవర్ ఎక్కలేక ఆయాసపడుతుంటే, అమ్మేయమంది నా భార్య జ్యోతిర్మయి. నేను వినలేదు. ఆటోనగర్లో దుర్గాశంకర్ అనే మెకానిక్ చేత దానికి డీజిల్ ఇంజిన్ పెట్టించాను. బండి కాగితాల్లో డీజిల్ అని మార్పించడానికి నాలుగు చోట్ల సంతకాలు కూడా చేశాను.

మొదటి లోడు తీసుకెళ్లిన రోజు బయల్దేరినప్పటి నుంచీ పక్కన కూర్చున్న జ్యోతికి డీజిల్ ఇంజిన్ గొప్పతనం వివరించాను. కంకిపాడు వచ్చేసరికి ఆవిడ నిద్రపోయింది. నేను బంకు దగ్గర ఆపి, "పెట్రోల్, ఫుల్ ట్యాంకు కొట్టండి" అన్నాను.

సరిగ్గా బెంజ్ సర్కిల్ మధ్యలో వ్యాను దడదడలాడి ఆగిపోయింది. వెనక ఒకటే హారన్లు. కోపంతో దుర్గాశంకర్‌కు ఫోన్ చేశాను.

"ఇదేనయ్యా నీ పనితనం?"

"ట్యాంకులో ఏం కొట్టించారండీ?"

"ఎప్పుడూ కొట్టించేదే. పెట్రోలు."

అప్పుడే లేచిన జ్యోతి పగలబడి నవ్వింది.

దుర్గాశంకర్ వచ్చి బండిని షెడ్డుకు లాక్కెళ్లాడు. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ బాగు చేసి, నేనడక్కుండానే ట్యాంకు మూత మీద ఎర్ర రంగుతో "డీజిల్" అని పెద్దగా రాశాడు. జ్యోతి బ్రష్ అందుకుని దాని కింద "ఈయన మాట వినకండి" అని చేర్చింది.

చెరిపేద్దామని రెండుసార్లు అనుకున్నాను. కానీ నా మీద నాకూ అంత నమ్మకం లేదు.