చూడని సాక్షి

అడగకుండా ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపించబోతే ప్రొఫెసరమ్మ విదిలించేస్తుంది. "నేనేమైనా సంచీనా, మోసుకుపోవడానికి?" అంటుంది. పుట్టుకతోనే చూపులేని ఆమెకి, వికలాంగుల కోసం, ఆడవాళ్ళ కోసం పోట్లాడుతూనే తల నెరిసింది. ఆవేళ ఆమె కూడా సభ్యురాలైన కాలేజీ విచారణ కమిటీ ముందు, ఆమెలాగే చూపులేని ఒక విద్యార్థిని, తన ఒంటిమీద చెయ్యి వేసిన లెక్చరరెవరో చెప్పింది. కమిటీ పెద్దాయన నవ్వాడు. "నువ్వు చూడలేదు కదమ్మా, ఆయనేనని ఎలా చెప్తావ్?"

"ఫోన్లో మీ ఆవిడ పలికితే, ఎవరండీ మీరు అంటారా సార్?" అంది ప్రొఫెసరమ్మ.

"శాంతించండి మేడమ్. పిల్ల పరువు కూడా చూడాలిగా, ఇంతటితో వదిలేద్దాం."

"శాంతంగా చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

కుర్చీ బరబరా ఈడ్చుకెళ్ళి తలుపుకి అడ్డంగా వేసుక్కూర్చుంది. "మొదటినుంచీ చెప్పు తల్లీ. వినకుండా ఒక్కడూ బయటికి పోడు."